నా జబ్బుకి మంచి మార్కెట్ ఉందట

పొద్దున్న అరకులో మా కిరాణా కొట్టు తెరిచి, టిఫినయ్యాక మాత్ర వేసుకోబోతుంటే విజయనగరం నుంచి మా బావమరిది సురేష్ ఫోన్ చేశాడు. చేతిలో నీళ్ల గ్లాసు ఉండడంతో స్పీకర్లో పెట్టాను.

“బావా, బేగి ఓ పని సెయ్యి. బ్లడ్ కేన్సర్ మందులు సేసే కంపెనీల షేర్లు కొనెయ్. ముందు ముందు వాటికి మంచి మార్కెట్టంట. జబ్బొచ్చినోళ్లు మందేసుకుని ఏళ్ల తరబడి బతికేత్తన్నారంట. గిరాకీ ఇంక తగ్గదు.”

నాకు బ్లడ్ కేన్సరని మొన్న వేసవిలో తేలింది. ఆ సంగతి మా ఆవిడకీ నాకూ మాత్రమే తెలుసు. తమ్ముడు బెంగపెట్టుకుంటాడని తను చెప్పనివ్వలేదు. ఇక్కడ కొంటే ఊరంతా తెలుస్తుందని మాత్రలు కూడా విశాఖ నుంచే తెచ్చుకుంటున్నాం.

నాకేమీ అనిపించలేదు. ఇంకెవరి జబ్బు గురించో వింటున్నట్టుంది. “సూద్దాంలే” అని ఫోన్ పెట్టేసి మాత్ర మింగాను.

పక్కనే కందిపప్పు పొట్లాలు కడుతున్న మా ఆవిడ చేతులు ఆగిపోయాయి.

“ఏళ్ల తరబడి బతుకుతున్నారన్నాడు కదండీ?” అంది.

“అన్నాడు.”

“ఆ మాట ఎక్కడ సదివాడో ఓపాలి అడగండి.”

అడగడానికి నాకు నోరు రాలేదు. అందుకే, ఇంక దాచడమెందుకని, సాయంత్రం ఈ గ్రూపులో రాస్తున్నాను. నా జబ్బు మీద నన్నే లాభం తియ్యమంటున్నాడు, షేర్ల సంగతి తెలిసినవాళ్లు చెప్పండి, కొనమంటారా?

సురేషూ, ఇది చూస్తే ముందు మీ అక్కకి ఫోన్ చెయ్యరా. ఏళ్ల తరబడి అన్న ఆ మాట తనకి ఇంకోసారి చెప్పు.