తల్లిని చూపించమనండి

మొన్న శుక్రవారం భోజనాల వేళ ఎవరో గేటు కొట్టారు. జబెల్ అలీ కూలీల క్యాంపులో ఉండే మనిషి, సెలవు నుంచి అప్పుడే తిరిగొచ్చాడట. లోపలికి రమ్మన్నా రాలేదు. "మీ డ్రైవర్ తమ్ముడు పోయిండక్కా. కామెర్లు ముదిరినయ్. జగిత్యాల దవాఖానకు తీస్కపోయేసరికే అయిపోయింది" అన్నాడు. పోయి నెల దాటిందట. ఆ నెలంతా మేమిక్కడ తిన్నాం, నవ్వాం, వీడియో క్యాసెట్లు అద్దెకు తెచ్చుకుని చూశాం.

అతను మాకు చుట్టం కాదు. మా కారు నడిపినవాడూ కాదు. దుబాయ్‌లోని డేరా బజారులో కుక్కపిల్లల్ని అమ్మే ఒక దుకాణంలో పికప్ నడిపేవాడు. నన్ను అక్కా అని పిలిచాడు కాబట్టి మాకు తమ్ముడయ్యాడు.

ఎనభైల మొదట్లో మేం షార్జాలో చిన్న పెరడున్న పాత ఇంట్లో అద్దెకుండేవాళ్ళం. ఈడు పిల్లలు ఎవరూ లేక మా పాప గోడ మీది బల్లితో మాట్లాడుకునేది. కుక్కపిల్ల కావాలని అడిగీ అడిగీ విసిగించగా, ఒక సాయంత్రం మావారు మమ్మల్ని డేరా తీసుకెళ్ళారు. అద్దాల వెనక బొచ్చు పిల్లలు, దుకాణమంతా పౌడరు వాసన. ముదీర్, అంటే ఆ దుకాణం మేనేజరు, ఒకదాన్ని పాప ఒళ్ళో పెట్టాడు. విలాయతీ జాతి, రెండు నెలల పిల్ల, కాగితాలు కూడా ఉన్నాయన్నాడు. మావారు జేబులో చెయ్యి పెట్టారు.

అట్టపెట్టె మోసుకొస్తున్న ఒక సన్నటి మనిషి మా తెలుగు విని ఆగాడు. పెట్టె దింపే వంకతో నా వైపు వంగి, "ఈడ కొనకుండ్రి అక్కా. దీని తల్లిని సూపియ్యమనుండ్రి" అన్నాడు. నేను హిందీలో అదే అడిగాను. ముదీర్ మొహంలో నవ్వు పోయింది. "తల్లి విలాయత్‌లో ఉంది మేడమ్" అన్నాడు. పాప ఏడుస్తున్నా పిల్లను తిరిగిచ్చి బయటికొచ్చేశాం. పికప్ పక్కన నిలబడి ఉన్నాడతను. "అజ్మాన్ల రేకుల షెడ్డుల పుట్టిందక్కా అది. నెల సుత నిండలె" అన్నాడు.

మావారు అక్కడికక్కడే అతన్ని శుక్రవారం భోజనానికి పిలిచారు. అప్పట్నుంచి చాలా శుక్రవారాలు వచ్చాడు. గుమ్మం దగ్గరే కూర్చునేవాడు. నారింజపండు తొక్క తెగకుండా ఒలిచి పాప మెళ్ళో దండలా వేసేవాడు. తింటూ తింటూ ఆ షెడ్డు సంగతి చెప్పేవాడు, చెబుతుంటే అన్నం ఆరిపోయేది.

"ఆడకుక్కలు పంజరాలల్లనే ఉంటయక్కా. ఈనుడు, పిల్లల్ని గుంజుకునుడు, మళ్ల కట్టిచ్చుడు. వాటి కాళ్లు నేలను మర్శినయ్."

నీళ్ళ విరేచనాలతో చచ్చిన పిల్లల్ని చెత్తడబ్బాలో వెయ్యమనేవాడట ముదీర్. ఇతను మాత్రం రోడ్డు దాటి ఇసుకలోకి తీసుకెళ్ళి పాతేవాడు. బతికినవాటితో వెళ్తున్నప్పుడు గతుకుల దగ్గర బండి ఎంత నెమ్మదిగా పోనిచ్చేవాడంటే, వెనకవాళ్ళు హారన్లు కొట్టి తిట్టేవాళ్ళు.

"ఇంకో పని చూసుకోరాదా తమ్ముడూ?" అన్నానొకసారి.

"వీజా నన్ను రప్పిచ్చిన కఫీల్ చేతిల, కఫీల్ ముదీర్ చేతిల. నేను యాడికి పోదునక్కా?"

మాకు మంచి పిల్లను వెతికే పని తనే నెత్తికెత్తుకున్నాడు. పశువుల డాక్టరు దగ్గరి కాంపౌండర్ని అడిగి, జుమైరాలో ఒక ఇంగ్లీషు ముసలమ్మ ఆచూకీ పట్టాడు. ఆవిడ ఇంట్లో ఒక్కటే ఆడకుక్క. ఎప్పుడో ఒకసారి ఈనితే, నచ్చిన ఇళ్ళకే పిల్లల్నిస్తుందట. మావారు ఫోను చేస్తే ఆవిడ ధర చెప్పలేదు, ప్రశ్నలు మొదలెట్టింది. పెరడుందా? పగలు ఇంట్లో ఎవరుంటారు? సెలవుల్లో ఇండియా వెళ్తే దాన్నెవరు చూస్తారు? ఈ దేశం వదిలి వెళ్ళాల్సొస్తే ఏం చేస్తారు? మావారికి కోపమొచ్చింది. "కుక్కపిల్లను కొంటున్నామా, సంబంధం అడగడానికొచ్చామా?" అన్నారు.

తమ్ముడు నవ్వాడు. "అడిగేటోళ్లే మంచోళ్లు బావా. అడుగనోని దగ్గర కొనద్దు. తల్లిని సూపనోని దగ్గర అసలే కొనద్దు."

ఈ మాట అతను మాకొక్కరికే చెప్పి ఊరుకున్నా బాగుండేది. దుకాణానికొచ్చిన వాళ్ళలో మెత్తగా కనిపించిన ప్రతివాళ్ళ చెవిలోనూ వేశాడు. ఒక పెద్దమనిషి బేరం తెగక, "తల్లిని చూపించమని మీ డ్రైవరే చెప్పాడే!" అని గట్టిగా అనేశాడు. తర్వాత తెలిసింది, ఆ పెద్దమనిషి అదే పూట, అదే దుకాణంలో, ధర తగ్గించారని పిల్లను కొనుక్కునే వెళ్ళాడు.

"ఖలాస్" అన్నాడట ముదీర్. అంతే, వీజా క్యాన్సిల్. మావారు తమ ఆఫీసులో అడిగారు, తెలిసిన ఇద్దరు కఫీళ్ళ కాళ్ళావేళ్ళా పడ్డారు. ఎవరూ పలకలేదు.

ఇంటికెళ్ళాక మళ్ళీ రావాలని బొంబాయిలో ఏజెంట్ల చుట్టూ తిరిగాడు. పేరు మీద నిషేధం ఉందన్నారు. ఇంటి దగ్గర వాన లేదు. ఇటుకబట్టీలో పనికి కుదిరాడని ఒకసారి, ఒంట్లో బాగాలేదని ఒకసారి ఎవరో చెప్పగా విన్నాం. ఆ పైన మొన్నటి కబురే. ఆ దుకాణం పక్క గదిని కూడా కలుపుకుని పెద్దదైంది, కొత్త రంగు లైట్లు పెట్టారు. షెడ్డు అక్కడే ఉంది. ఇంకో డ్రైవరున్నాడు. మనిషి బతుకు పణంగా పెట్టి చెప్పిన మాటకు ఈ ఊళ్ళో ఒక్క పంజరం తలుపైనా తెరుచుకోలేదు. ఏదో మార్పు వచ్చిందని రాయాలనే ఉంది నాకు. రాలేదు.

అప్పట్లో అతను ఇంటికి విమానం ఎక్కే ముందటి శుక్రవారం, కుక్కపిల్లను చూడబోతూ అతన్ని కూడా జుమైరా తీసుకెళ్ళాం. ముసలమ్మ మమ్మల్ని పెరట్లోకి పంపింది. నీడలో తల్లికుక్క పడుకుని ఉంది, పిల్లలు దాని పొట్టకు అతుక్కుని పాలు తాగుతున్నాయి. పాప ఒక్క గెంతులో అక్కడికి పరుగెత్తింది. అతను మాత్రం గేటు దగ్గరే ఆగిపోయాడు. తల్లికుక్క తలెత్తి అతని వైపు చూసింది. పిల్లల్ని విదిలించుకుని లేచి వచ్చింది. మమ్మల్నెవరినీ పట్టించుకోలేదు. అతని ప్యాంటు అంచులు, మోకాళ్ళు, రెండు చేతులు వాసన చూస్తూ, చుట్టూ తిరిగి మళ్ళీ మొదలుపెడుతూ, సన్నగా మూలిగింది.

"పిల్లల వాసన అక్కా" అన్నాడు మెల్లగా. "అన్నిటియి."

చేతులు పక్కకు చాపి కదలకుండా నిలబడ్డాడు. అది వెతుకుతూనే ఉంది.