వదిన దించిన కుండ

మొన్న మా ఆవిడా నేనూ మోకాలి మందుల కోసం బూర్గంపాడు వెళ్ళి, తిరుగు బస్సు ఎంతకీ రాకపోతే ఒక టీ హోటల్లో కూలబడ్డాం. అక్కడి టీవీలో ఎవరో జర్మనీ ఫుట్‌బాల్ ఫార్వర్డ్ చివరి ఆట చూపిస్తున్నారు. సొంత దేశంలో మొదలుపెట్టి, ఏ దేశం పిలిస్తే ఆ దేశం పోయి ఆడి, తల నెరిసే వేళకు ఆట చాలించుకున్నాడట. ఆట అయిపోగానే తోటివాళ్ళంతా సీసాల కొద్దీ నీళ్ళు అతని నెత్తిన కుమ్మరిస్తుంటే, నిలువెల్లా తడిసిపోయి, నవ్వుతూ ముఖం తుడుచుకుంటున్నాడు. నేను టీ గ్లాసు పక్కన పెట్టి అతన్నే చూశాను. ఈ వయసులో ముక్కూ మొహం తెలియని మనిషి మీద అసూయేమిటని మీరు నవ్వుతారు. నవ్వండి, నా ఈడువాళ్ళే కదా.

ఎందుకంటే ఒకప్పుడు నేనూ ఫార్వర్డునే, నాకూ నా దేశాలుండేవి. కోతలైపోయిన మడుల్లో, చెప్పుల్లేని కాళ్ళతో ఆట నేర్చుకుని, తల్లాడ వాళ్ళు పిలిస్తే తల్లాడకు, ముదిగొండ వాళ్ళు పిలిస్తే ముదిగొండకు, సరిహద్దు అవతలి కోంట దాటి మల్కనగిరి దాకా, పిలిచిన ప్రతి జట్టుకూ ఆడాను. ఒకచోట తెలుగులో తిట్టేవారు, ఒకచోట హిందీలో, ఇంకోచోట ఒరియాలో, ఏ భాషలో అరిచి అడిగినా బంతి మాత్రం ఇచ్చేవారు కాదు. వాళ్ళిచ్చే చొక్కా ఎప్పుడూ ఎవరో లావుపాటివాడిదే అయ్యేది.

ఈ పందేలన్నీ ఎండాకాలం చివర్లో, సరిగ్గా మా గూడెంలో విత్తనాల పండుగ రోజుల్లోనే వచ్చిపడేవి. ఆ పండుగకు మగవాళ్ళంతా అడవికి వేటకు పోవాలి. ఏమీ దొరక్క ఉత్త చేతులతో తిరిగొచ్చినవాడి మీద ఆడవాళ్ళు పొలిమేరలో కాపు కాసి పేడనీళ్ళు కుమ్మరిస్తారు, నానా మాటలూ అంటారు. నేను ఆటకు పోతానంటే పెద్దలు మొదట ఒప్పుకోలేదు. చివరికి మా అన్న వాళ్ళను మెత్తబరచి, నా ఆటే నా వేట అని ఖాయం చేయించాడు. గెలిస్తే బహుమతి మేకలో నా వాటా గూడేనికి తేవాలి, ఓడితే నాకూ పేడనీళ్ళే. ఓడిన ఏడల్లా మా వదినదే మొదటి కుండ. "ఏం మరిదీ, గంత దూరం పోయి గిట్ల ఉత్తగనే వచ్చినవా?" అని గురిచూసి మరీ కొట్టేది. నేను కోపం నటిస్తూ ఉరికేవాణ్ణి. నిజం చెప్పాలంటే, ఆ కంపు నాకు ఇష్టంగానే ఉండేది.

అయితే ఒక ఏడు వేరు. ఖమ్మం అవతల ఒక మిల్లు తన జట్టులోకి ఒకే ఒక్క ఫార్వర్డును తీసుకుంటుందనీ, ముదిగొండ దగ్గర జరిగే ఆఖరి ఆటలో చూసి పర్మినెంటు కొలువు ఇస్తుందనీ కబురొచ్చింది. నా వయసుకు అదే ఆఖరి అవకాశం. అప్పటికి మా ఆవిడ చంటిదాన్ని వీపున కట్టుకుని, ఆ మండుటెండల్లో తునికాకు కోతకు పోతోంది. ఆమెను అడవి నుంచి ఇంటికి తెచ్చుకోవాలంటే నాకు ఆ కొలువు తప్ప దిక్కు లేదు. నా మోకాలేమో ముందు ఆటలోనే బెణికి బూరెలా పొంగింది. పసుపు పట్టు వేసి, పాత పంచె చించి బిగించుకుని, ఎవరికీ చెప్పకుండా దిగాను.

ఆట చివర్లో బంతి నా ముందుకొచ్చింది. గోలీ ఒక్కడే అడ్డం. ఎడమకాలు ఊని కొట్టబోయాను, మోకాలు నా కిందనుంచి జారిపోయింది. బంతి మెల్లగా దొర్లుకుంటూ గోలీ చేతుల్లోకి పోవడం నేలమీద పడి చూశాను. ఆ కొలువు అవతలి జట్టు ఫార్వర్డుకు పోయింది. అతను మంచి ఆటగాడే, కాదనను.

మర్నాడు జట్టు కుర్రాళ్ళు ఇద్దరి భుజాల మీద చేతులేసుకుని గూడెం చేరాను. పొలిమేరలో ఆడవాళ్ళు కుండలతో నిలబడే ఉన్నారు, వాళ్ళలో మా ఆవిడా ఉంది. నేను ఆ భుజాలు వదిలించుకుని ఒంటికాలి మీద నిలబడి, ఖాళీ చేతులు రెండూ చాపి చూపించాను. వదిన కుండ ఎత్తింది, నా మోకాలు చూసింది, కుండ నేలకు దించింది. ఆమెను చూసి మిగతావాళ్ళూ దించేశారు.

"పేడనీళ్ళు పొయ్ వదినా, ఉత్తగనే వచ్చిన" అని బతిమాలాను, నిజంగా బతిమాలాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "ఇంట్లకు నడువు మరిదీ, జల్దీ కాపడం పెట్టాలె" అంది. వేటగాణ్ణనే లెక్కలోంచి నన్ను తీసేశారని అప్పుడు తెలిసింది. మైదానంలో రాని ఏడుపు అక్కడ తన్నుకొచ్చింది. నేను మళ్ళీ బంతి ముట్టలేదు. మా ఆవిడ నడుము వంగేదాకా ఆకు కోసింది.

మేం ఆడిన మడులన్నీ ఇప్పుడు జామాయిల్ తోటలు. వాటికి కొన్నేళ్ళు కాపలా కూడా కాశాను. పండుగ వేటకు పోయే కుర్రాళ్ళు బండ్లమీద సెంటర్‌కు పోయి కోడిమాంసం కొనుక్కొస్తున్నారు, ఉత్త చేతులతో వచ్చేవాడే లేడు. పొలిమేరలో కుండలూ లేవు. తప్పని అనను. పిల్లలకు అవమానం పడటం ఎందుకు? కానీ మమ్మల్ని తిట్టి, తడిపి, మళ్ళీ ఏడు రమ్మని వదిలిపెట్టే చేతులు ఉండేవని, ఆ చేతుల కోసమే అంత దూరం నుంచి ఇంటికి వచ్చేవాళ్ళమని వాళ్ళకు ఎలా చెప్పను?

హోటల్లో మా ఆవిడ నా కళ్ళు చూసి, ఏందని అడిగింది. టీవీ వైపు చూపించి, అతన్ని తడిపిండ్రు అన్నాను. ఆమె టీవీ వైపు చూసింది. తరువాత తాగడానికి తెచ్చుకున్న సీసా మూత తీసి, ఇన్ని నీళ్ళు దోసిట్లో పోసుకుని, అందరూ చూస్తుండగా నా ముఖాన కొట్టింది.