ఆ గడిలో నేను రాసిన ‘అవును’

ఏళ్లుగా ఒక ‘అవును’ నా గొంతుకు అడ్డం పడి ఉంది. మింగలేను, కక్కలేను. నేనెవరో మీకు తెలియదు, అందుకే మీకు చెబుతున్నాను. జాలి పడకండి. నా మీద నాకే ఒళ్లు మండిపోతోంది.

నల్గొండలో ఒక కాలేజీ కంప్యూటర్ ల్యాబ్ చూసుకునేవాణ్ణి. తీరిక దొరికితే గ్రాఫిక్స్ డ్రైవర్ల పిచ్చి. కంప్యూటర్‌లోని గ్రాఫిక్స్ కార్డు చేత తెర మీద బొమ్మ గీయించే ప్రోగ్రామే డ్రైవర్. వాటిలో ఉచితంగా దొరికేవి, లోపల ఏముందో ఎవరైనా విప్పి చూడగలిగేవి కొన్ని ఉంటాయి. వాటిలో ఏది ఏ పని చేయగలదో పక్కపక్కన పెట్టి, తెలుగులో ఒక పట్టిక చేసి నెట్‌లో పెట్టాను. అందరూ పొగిడారు. ఉబ్బిపోయాను.

అందులో నాకిష్టమైన డ్రైవర్ ఒకటుంది. పాత కార్డుల మీద అది పెద్ద బొమ్మలను తిప్పగలదా? పరీక్షించాను. బొమ్మ వచ్చింది. కానీ గీసింది కార్డు కాదు. డ్రైవర్‌కు చేతకాని పని ప్రాసెసర్ నెత్తిన పడుతుంది; బొమ్మ వస్తుంది, నత్తనడకన. గీస్తున్నది ఏదో చెప్పే చోట, తెర మీద ప్రాసెసర్ పేరు కనిపిస్తూనే ఉంది. చూశాను. అయినా పట్టిక గడిలో ‘అవును’ అని రాశాను. ఎందుకు? ఆ డ్రైవర్ దండగని నాతో నెట్‌లో వాదించినవాడి ముందు ‘కాదు’ అని రాయడానికి అహం ఒప్పుకోలేదు. ఇంతకన్నా పెద్ద కారణం ఏదైనా ఉందేమోనని ఇన్నాళ్లూ నాలో నేనే వెతుక్కున్నాను. లేదు.

ఆ పట్టికను నమ్మి పోచంపల్లిలో రెహానా అనే అమ్మాయి అవే పాత కార్డులు కొనిపించింది. నేత సంఘంలో చీరల డిజైన్లు కంప్యూటర్ మీద గీయడం ఆమె పని. అక్కడ నూలుకు ముందే ముడులు కట్టి రంగు అద్దుతారు, ఆ తర్వాతే నేస్తారు. రంగెక్కాక దిద్దుకోవడం ఉండదు. అందుకే ముడులు కట్టకముందే అంచు ఎలా తిరుగుతుందో సంఘం పెద్దలు తెర మీద చూడాలన్నారు. వాళ్లందరి ముందు బొమ్మ ఆగిపోయింది. పట్టిక కింద ఉన్న నంబర్ చూసి నాకు ఫోన్ చేసింది.

“అన్నా, డిజైన్ పెద్దగ చేస్తే ఆగాగి వస్తాంది. నీ పట్టికల మంచిగ చేస్తదని ఉంది. నేనేమన్న తప్పు చేస్తున్ననా?”

“పట్టిక కరెక్టే ఉంది. నువ్వే సెట్టింగ్ గలత్ పెట్టినవ్. జర నేర్చుకొని చెయ్యమ్మా.”

“సరే అన్నా. మళ్ల చూస్త.”

ఎంత సులువుగా అనేశాను! పిల్లకు పని రాదని సంఘం వాళ్లు ఆమెను తీసేశారు. తర్వాత ఆ గడిని దొంగలా దిద్దాను. కొత్త వెర్షన్‌లో మారిందని ఇంకో అబద్ధం తగిలించాను.

ఈ మధ్య పోచంపల్లి వెళ్తే ఒక దుకాణంలో ఒకమ్మాయి చీరలు మడతపెడుతోంది. నా గొంతు విని గుర్తుపట్టి, తానే రెహానానని చెప్పింది. కూర్చోబెట్టి చాయ్ తెప్పించింది. ఈ అన్న ఎంతో ఓపికగా చెప్పాడని, తనకే ఆ పని ఒంటబట్టలేదని యజమానితో నవ్వుతూ చెప్పింది. అప్పుడైనా నోరు తెరిచానా? చాయ్ తాగి, కొన్న చీరను పొట్లం కట్టించుకొని బస్సెక్కాను. ఇలాంటివాణ్ణి ఏమనాలి?

క్షమించమని అడిగే ముఖం నాకు లేదు. కనీసం ఇక్కడ నిజం రాశాను, కాస్త ఊపిరి ఆడుతోంది. రెహానా పెట్టిన సెట్టింగ్‌లు సరిగ్గానే ఉన్నాయి. ఆ సంగతి నాకు ఆ రోజే తెలుసు.