ఫ్రీ బస్సులో టికెట్ కొన్న ఆంటీ

మహిళలకు ఉచిత బస్సు ప్రయాణం మొదలైన మరుసటి ఏడాది నన్ను సూర్యాపేట నుంచి కోదాడ బస్టాండుకు కంట్రోలరుగా బదిలీ చేశారు. రిటైర్మెంటు దగ్గర పడింది కదా, కూర్చునే పని దొరికిందని ఇంట్లోవాళ్లు సంతోషించారు. కోదాడలో కూర్చోవడం ఎవరి తరం? విజయవాడ దారిలో తెలంగాణ వైపు చివరి పెద్ద బస్టాండు అది. వచ్చిన ప్రతి బస్సుకూ టైము వేసి సంతకం చెయ్యాలి, మైకులో అరవాలి, సీట్ల తగాదాలు తీర్చాలి. కండక్టరుగా చేరిన రోజుల నుంచీ నాది కాస్త పెద్ద నోరే. అక్కడ అది బాగా పనికొచ్చింది.

నేను చేరిన కొత్తలోనే పోలీసులు, బాలల సంరక్షణ అధికారులు కలిసి బస్టాండులో మీటింగ్ పెట్టారు. ఉద్యోగాల ఆశ చూపి ఆడపిల్లల్ని తీసుకుపోయి అమ్మేసేవాళ్లు ఈ దారినే సరిహద్దు దాటే అవకాశం ఉంది, మీరంతా ఓ కన్నేసి ఉంచండి అన్నారు. ఆటో డ్రైవర్లు, పూలమ్మేవాళ్లు, టిఫిన్ బండ్లవాళ్లు, మహిళా సంఘాలవాళ్లు, మేము కలిసి ఒక కమిటీ అయ్యాం. ఏడుస్తున్న పిల్ల, బెదిరిపోయిన పిల్ల పెద్దవాళ్ల వెంట కనిపిస్తే వెంటనే చెప్పాలని మాకు నేర్పారు.

మా ఉత్సాహం గురించి ఏం చెప్పను! మొదటి వారంలోనే, వెక్కి వెక్కి ఏడుస్తున్న పిల్లను వెంటబెట్టుకున్న ఒక పెద్దమనిషిని చుట్టుముట్టాం. తీరా చూస్తే ఆయన మునగాల రైతు, మేనకోడలిని హాస్టల్లో దింపడానికి వచ్చాడు. "నా మేనకోడల్ని నేనే ఎత్తుకపోతనా? జర బుద్ధి ఉండాలె మీకు!" అని బస్టాండు అదిరిపోయేలా అరిచాడు. పిల్ల మాత్రం హాస్టల్ తప్పేటట్టుందని చక్కగా ఏడుపు ఆపేసింది. ఆ సాయంత్రం మా మేనేజరు పిలిచి, కంట్రోలరు కంట్రోలరు పని చూసుకుంటే బాగుంటుందన్నారు. ఒళ్లు మండింది కానీ, అప్పటి నుంచి కాస్త వెనక్కి తగ్గాను.

ఇక అసలు సంగతి. ఒక మధ్యాహ్నం మిర్యాలగూడ బస్సు వచ్చింది. కండక్టరు రేణుక సంతకం కోసం నా కిటికీ దగ్గరికి వచ్చి, బస్సులో ఒకావిడ తనకూ, వెంట ఉన్న పిల్లకూ రెండు టికెట్లు కొన్నదని చెప్పింది. బయటివాళ్లకు ఇందులో వింతేముంది అనిపిస్తుంది. ఆధార్ కార్డులో తెలంగాణ అడ్రసుంటే ఆడవాళ్లకు జీరో టికెట్ కొడతాం. కార్డు మర్చిపోయినవాళ్లు బతిమాలతారు, పోట్లాడతారు, ఫోన్‌లో ఫొటో చూపిస్తారు, ఇంటికి ఫోన్ చేసి కార్డును వాట్సాప్‌లో తెప్పిస్తారు. కిక్కురుమనకుండా డబ్బులిచ్చిన ఆడమనిషిని రేణుక అప్పటిదాకా చూడలేదట.

బస్సులోని మిగతా ఆడవాళ్లూ ఊరుకోలేదు. హుజూర్‌నగర్‌లో ఎక్కిన సైదమ్మ మొదలుపెట్టింది. ఆమె మిరప తోటలకు కూలీలను తోలుకుపోయే మనిషి, మహిళా సంఘం లీడరు, మా కమిటీలో నాకంటే నోరున్నది. "పైసలెందుకిస్తున్నవమ్మా, ఆధార్ సూపియ్యరాదు?" అని అడిగితే, కార్డులు తేలేదని ఆవిడ అన్నది. పక్కనున్న పిల్ల వెంటనే, "నా కార్డు నీ బ్యాగులనే పెట్టినవ్ గద ఆంటీ!" అన్నది. ఆవిడ నవ్వేసి, గవర్నమెంటు సొమ్ము మనకెందుకులే అన్నదట. కార్డు బయటికి తీస్తే పిల్లది ఏ ఊరో బస్సంతటికీ తెలుస్తుందని ఆవిడ భయం కావచ్చు. అదే ఆవిడను పట్టించింది. ఇంత చిత్రమైన మాట విన్నాక సైదమ్మ తన పని మానేసి వాళ్ల వెంట విజయవాడ ప్లాట్‌ఫామ్ మీదికి వెళ్లింది.

నేను కిటికీలోంచి తొంగి చూశాను. పిల్లకు పదహారేళ్లుంటాయి. మౌనిక అనుకుందాం, అసలు పేరు చెప్పకూడదు. కొత్త డ్రెస్సు, చేతిలో చిప్స్ ప్యాకెట్, ముఖమంతా నవ్వు. మాకు నేర్పిన గుర్తుల్లో ఒక్కటీ లేదు. మేనేజరు మాట గుర్తొచ్చి నా కాలు కదల్లేదు.

సైదమ్మకు ఏ మేనేజరూ లేడు. పిల్ల పక్కన కూర్చుని, ఎవరి బిడ్డవు, ఇంటిపేరేంది, అమ్మది ఏ ఊరు అని వరసలు కలపడం మొదలుపెట్టింది. త్రిపురారం దగ్గర పల్లె అని, రొయ్యల కంపెనీలో నౌకరికి పోతున్నానని, ఆంటీ అమ్మకు బాగా తెలుసని పిల్ల గడగడా చెప్పింది. సైదమ్మ ఆవిడ వైపు తిరిగి, "అయితే ఈ పిల్ల తల్లి పేరేందమ్మా?" అన్నది. ఆవిడ బ్యాగు సర్దుకుంటూ, విజయవాడ బస్సు ఎప్పుడు కదులుతుందని ఎదురు అడిగింది. సైదమ్మ నా వైపు చూసి తల ఊపింది.

అప్పుడు కదిలాను. కంట్రోలరుకు ప్రయాణికులను ఆపే అధికారం లేదు, బస్సును కాసేపు ఆపే అధికారం ఉంది. రేణుకను పిల్లల హెల్ప్‌లైన్‌కూ పోలీసులకూ ఫోన్ చెయ్యమని చెప్పి, విజయవాడ బస్సుకు టైరు చూడాలి, ఆలస్యమవుతుందని మైకులో చెప్పాను. పాపం, ఆ డ్రైవరు ఆంధ్రా వైపు జగ్గయ్యపేట మనిషి, మా కమిటీ సంగతి తెలియదు. నాలుగు వైపులా తిరిగి చూసుకుని వచ్చి, "టైర్లు శుభ్రంగా ఉన్నాయండీ మేడంగారూ" అన్నాడు. "ఉంటయి, ఇంకోసారి సూడు" అన్నాను. ఆయన మళ్లీ చూడ్డానికి వెళ్లాడు.

ఆవిడకు అనుమానం వచ్చింది. పిల్ల చెయ్యి పట్టుకుని ఆటోల వైపు నడిచింది. ఆటోవాళ్లందరూ మా కమిటీవాళ్లే. ఒకడికి గ్యాస్ అయిపోయింది, ఒకడు అన్నం తినాలి, ఇంకొకడి ఆటో ఉన్నట్టుండి స్టార్టే కాలేదు. కోదాడలో కిరాయికి ఒక్క ఆటో దొరక్కపోవడం నేనెప్పుడూ చూడలేదు. ఈలోగా ఒక మహిళా ఎస్సై, ఇద్దరు కానిస్టేబుళ్లు వచ్చారు.

గొడవ చెయ్యకుండా ఇద్దరినీ నా గదిలో కూర్చోబెట్టారు. మౌనికకు మా మీద పట్టరాని కోపం. "నా నౌకరి ఖరాబ్ చేస్తున్నరు మీరు! మా దోస్తు సంధ్య రెండు నెలల కింద పోయింది, గాడ మంచిగుందని రోజూ మెసేజ్ పెడ్తది" అన్నది. సంధ్యతో మాట్లాడావా అని ఎస్సై అడిగారు. డ్యూటీలో ఫోన్ మాట్లాడనివ్వరట, మెసేజ్‌లేనట. "కావాల్నంటే ఇప్పుడే చేస్త, అదే చెప్తది మీకు" అని మా ముందే సంధ్య నంబరు నొక్కింది.

ఆంటీ బ్యాగులో ఫోన్ మోగింది.

మౌనిక ఆ బ్యాగు వైపు చూస్తూ నెమ్మదిగా లేచి, వచ్చి సైదమ్మ వెనక నిలబడింది. ఆ పిల్ల ముఖంలో భయం నేను చూడటం అదే మొదలు.

మౌనికను బాలల సంక్షేమ కమిటీ ముందు హాజరుపరిచి తల్లికి అప్పగించారు. ఆ ఫోన్ ఆధారంగా పోలీసులు సంధ్య (ఇదీ మార్చిన పేరే) జాడ పట్టి, వేరే రాష్ట్రం నుంచి తీసుకొచ్చారు. ఆమె అక్కడ ఏం పడిందో నేను రాయను, అది ఆమె చెప్పుకోవలసింది. కేసు ఇంకా కోర్టులో ఉంది.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా కొత్త కండక్టర్లకు నేను చెప్పింది ఒకటే. మోసపోతున్న పిల్ల తాను మోసపోతున్నానని మీకు చెప్పదు, ఎందుకంటే ఆమెకే తెలియదు. అడగాల్సింది మనమే. అడిగితే తిట్లు పడవచ్చు, నాకూ పడ్డాయి. సంధ్య ఎక్కిన బస్సులో మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు.