రేపల్లె డబ్బా

"...వైరు తడవడమే కారణమైతే, మార్చాక బాగుపడాలి కదా బాబాయ్‌గారూ!"

"అయితే నీ కొత్త డబ్బాదే తప్పు. నువ్వేగా కొనిపించింది? విప్పి వెనక్కి పంపించెయ్యి. రేపల్లె మనకి అచ్చిరాలేదనుకుందాం," అన్నాడు రంగనాయకులు.

ఫ్లోరెన్స్ తలవంచుకుని కీబోర్డు ముందుకు లాక్కుంది. బాపట్లలో డీటీపీ చేసుకునే పిల్ల, తెనాలి వచ్చి రంగనాయకులు కేబుల్ ఆఫీసులో సర్వరు పని నేర్చుకుంది. ఆయన ఇంటర్నెట్ లైన్లు మొదలుపెట్టి రెండేళ్ళయినా, రేపల్లెకి కూడా వెళ్దామన్నది, అక్కడ లైన్లు పంచడానికి వేరే కంపెనీ డబ్బా పెడదామన్నది మాత్రం ఆమే.

అక్కడున్న ఒకే పెద్ద ఖాతా మహబూబ్ బీ నెట్ సెంటరు. అక్కడ పాస్‌వర్డ్ కొడితే లైను లోపలికి రానిస్తుంది, ఆ తర్వాత పేజీ తెరుచుకోదు. సాయంత్రంలోగా బాగవకపోతే వేరే కంపెనీ లైను పెట్టించుకుంటానని ఆమె పొద్దున్నే చెప్పేసింది.

ఫ్లోరెన్స్ తెనాలి కస్టమరొకరిని, మహబూబ్ బీని పక్కపక్కన పెట్టి, సర్వరు ఎవరి డబ్బాకి ఏం పంపుతోందో చూసింది. ఇద్దరికీ ఒకటే జవాబు, డబ్బాలేమో వేరే వేరే కంపెనీలవి. ఆమె చూపు అక్కడే ఆగిపోయింది.

పేరూ పాస్‌వర్డూ ఏ కంపెనీ డబ్బాకైనా ఒకటే. ఎంత స్పీడు ఇవ్వాలన్నది మాత్రం ఏ కంపెనీకి ఆ కంపెనీ తన నంబరు కింద, తన పద్ధతిలో రాసుకుంటుంది. ఫ్లోరెన్స్ తెనాలి సెట్టింగులన్నీ ఉన్నదున్నట్టు రేపల్లెకి ఎత్తి రాసింది. తనది కాని నంబరు చూసి కొత్త డబ్బా ఆ ముక్క వదిలేసి, అందరికీ పేజీ కూడా తెరుచుకోనంత అట్టడుగు స్పీడే ఇస్తోంది.

"మరి నంబరు తప్పని డబ్బా చెప్పదా?" అన్నాడు సంగతి విన్న రంగనాయకులు.

"చెప్పదండి. తెలియనిది పక్కన పెట్టెయ్యాలన్నదే దాని రూలు, అంతే. తప్పు నాది, డబ్బాది కాదు."

"బాగుంది. వారం రోజులు వైరుని తిట్టాం పాపం."

ఫ్లోరెన్స్ కొత్త డబ్బాతో వచ్చిన కంపెనీ పుస్తకం తిరగేసి, దాని నంబరు కింద, దాని పద్ధతిలో స్పీడు సర్వరులో రాసి, మహబూబ్ బీకి ఫోను చేసింది.

"అక్కా, ఒక్కసారి లైను తీసి మళ్ళీ పెట్టండి."

"పొద్దుట్నుంచీ అదే పనిలో ఉన్నానమ్మా! ఆ... పెట్టాను. ఉండు." కుర్చీ జరిగిన చప్పుడు. "యా అల్లా! హాల్ టికెట్టు వచ్చేసింది. ఏయ్, ప్రింటు కొట్టు, ప్రింటు కొట్టు!"

ఫ్లోరెన్స్ కుర్చీలో వెనక్కి వాలింది. రంగనాయకులు రెండు టీలు చెప్పి వచ్చాడు. ఫోనులో మహబూబ్ బీ ఇంకా మాట్లాడుతూనే ఉంది.

"ఆ వేరే లైను వాళ్ళని రావద్దని చెప్పేస్తున్నా. విన్నావా? మీ లైనే ఉంచుతున్నా."