రిజిస్టర్‌లో అమ్మ పేరు పక్కన

ఈ రోజు మధ్యాహ్నం మా ఊరి మిషన్ ఆసుపత్రికి వెళ్లాను. బడిపంతులుని కదా, ఆసుపత్రి చరిత్ర రాసిపెట్టమన్నారు. యాభై రెండు నాటి కాన్పుల రిజిస్టర్ తిరగేస్తుంటే మా అమ్మ పేరు కనబడింది. తేదీ నేను పుట్టినదే. పక్కన ‘మగబిడ్డ, చనిపోయి పుట్టాడు’ అని ఉంది. అమ్మకి నేనొక్కడినే సంతానం. బయట కల్లాల్లోంచి వచ్చే మిరపఘాటుకి వార్డంతా దగ్గుతోంది. నాకు మాత్రం దగ్గు రాలేదు.

ముసలి ఆయా మరియమ్మని పిలిచి ఆ వరుస చూపించాను.

“నువ్వేనయ్యా. పుట్టగానే ఏడవలేదు, ఒళ్లంతా నీలంగా ఉంది. డాక్టరమ్మ రాసేసింది. గుడ్డలో చుట్టి బయటికి తీసుకెళ్తుంటే నా చేతుల్లోనే తుమ్మావు.”

“మరి దిద్దలేదేం?”

“దిద్దబోతే మీ అమ్మే ఆవిడ చెయ్యి పట్టుకుంది. ‘అట్టాగే ఉండనియ్యండమ్మా. పోయాడని రాసుంటే మళ్లీ వీడికోసం యముడి దగ్గర్నించి ఎవరూ రారు’ అంది.”

అడుగుదామంటే అమ్మ ఇప్పుడు లేదు. పెన్ను మూత తీసి ఆ వరుస మీద చాలాసేపు పట్టుకున్నాను. పిల్లల నోటుపుస్తకాల్లో ఒక్క తప్పూ వదలని చెయ్యి, ఇవాళ కదల్లేదు. పెన్ను మూసి, రిజిస్టర్ బీరువాలో పెట్టించి వచ్చేశాను.

మీరైతే దిద్దేవారా?