పులుసులో సీసం, అప్పలస్వామి కళాయి

2022 వేసవి. విజయనగరంలో ఓ ల్యాబ్‌లో నేను కెమిస్టుని. నీళ్లలో, తిండిలో ఏ లోహం ఎంత ఉందో చెప్పడం మా పని. శాంపిల్‌ని ఆమ్లంలో కరిగించి మంటలోకి పిచికారీ చేస్తాం. ఆ మంట గుండా, వెతుకుతున్న లోహానికే ప్రత్యేకమైన దీపం కాంతిని పంపుతాం. కాంతి ఎంత తగ్గితే లోహం అంత ఎక్కువ. దీన్నే అటామిక్ అబ్జార్ప్షన్ అంటారు.

ఓ హోటల్ యజమాని పులుసు తెచ్చి ఇచ్చాడు. సీసం పరిమితి దాటింది. పులుసు ఉంచేది ఇత్తడి గంగాళంలో అని విని, రిపోర్టు కింద 'కళాయి వల్ల కావచ్చు' అని రాసేశాను. కళాయి అంటే లోపల వేసే తగరం పూత; చవకని కొందరు అందులో సీసం కలుపుతారు. అంత తొందరేమొచ్చిందో నాకు!

వారం తిరక్కుండా ఆ కళాయి వేసిన అప్పలస్వామి మా గుమ్మంలో నిలబడ్డాడు. ఊళ్లో ఒక్కరూ అతనికి గిన్నె ఇవ్వడం లేదట.

"నా కళాయిలో సీసముందని రాసినావట. సూసినావేటి?"

"పులుసు చూశాను."

"పులుసు సూసి నా పనికి పేరెడతావేటమ్మా?"

సంచిలోంచి తగరం కడ్డీ తీసి నా చెవి దగ్గర వంచాడు. కిర్రుమంది. "ఇన్నావా? సీసం కలిస్తే దీని నోరు పడిపోతాది!"

నాకు ఒళ్లు మండింది. మా మిషన్ ముందు ఈయన చెవి ఏపాటి? కానీ తప్పు నాదేనని లోపల తెలుస్తూనే ఉంది. నేరుగా హోటల్‌కి వెళ్లి గంగాళాన్ని రెండు చోట్ల గీకి తెచ్చాను. ఒకటి అడుగున, ఒకటి పట్టుకునే కడియం మొదట్లో. అడుగుది పెడితే కాంతి ఇసుమంతైనా తగ్గలేదు. సీసం జాడే లేదు! కడియం దగ్గరిది పెట్టేసరికి కొలత పైకెళ్లిపోయింది. పదింతలు పలచన చేసి మళ్లీ చదవాల్సొచ్చింది.

యజమానిని నిలదీస్తే నసిగాడు. "కడియం కాడ కారతంటే టీవీ రిపేరు షాపులో అతుకేయించినాను మేడమ్. తెల్లగానే ఉన్నాది కదా, ఏటౌతాదిలే అనుకున్నాను."

టీవీల్లో తీగలు అతికించే ఆ సోల్డర్‌లో సగందాకా సీసమే. ఆనందం పట్టలేక ల్యాబ్‌లో గంతేసినంత పని చేశాను. మర్నాడు హోటల్లో భోజనాల వేళ, అప్పలస్వామిని పిలిపించి, అందరూ వింటుండగా కొత్త రిపోర్టు చదివాను. యజమాని అప్పలస్వామి చేతులు పట్టుకుని "తప్పైపోనాది మావా" అన్నాడు. ఆ మధ్యాహ్నమే హోటల్ గిన్నెలన్నీ అతని కొలిమి దగ్గరకు చేరాయి.

మిషన్ తనకిచ్చిన దాని గురించే చెబుతుంది. మిగతాది ఊహించి ఒక మనిషి మీదకు నెట్టకూడదని నేర్చుకున్నాను.

అప్పలస్వామి రిపోర్టు అటూ ఇటూ తిప్పి "నా పేరెక్కడున్నాదమ్మా?" అనడిగాడు. మేం పేర్లు రాయం, శాంపిల్ నంబరే. ఆ ఒక్కరోజు పెన్ను తీసి, తెలుగులో, పెద్ద అక్షరాలతో రాశాను: కళాయి వేసినవారు అప్పలస్వామి. సీసం లేదు.